240జెడ్ ఎల్24: హెడర్, సైలెన్సర్, ఆ తర్వాత కామ్... ఏ వరుసలో వెళ్లాలి?

పాతజెడ్
అందరికీ నమస్కారం. బండి 1972 డాట్సన్ 240జెడ్. ఇంజిన్ దానితో వచ్చిన ఎల్24 (వరుస ఆరు సిలిండర్లు), హెడ్డు (ఇంజిన్ పైభాగం) ఈ88 రకం. గుండ్రటి డోముల ఎస్‌యూ తరహా హిటాచీ కార్బురేటర్లు రెండు, నాలుగు గేర్ల బాక్సు. ఆరో సిలిండర్ దగ్గర ఎగ్జాస్ట్ లీకవుతోంది. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ అని గట్టిగా వినిపిస్తుంది, వేడెక్కాక తగ్గుతుంది. వెనక సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. ఎలాగూ అంతా విప్పాలి కాబట్టి ఈసారి మంచి సామాను వేద్దామనుకుంటున్నా. నా లిస్టు: ఆరు పైపులూ ఒకేచోట కలిసే హెడర్ (సిలిండర్ల నుంచి పొగని తెచ్చే స్టీలు పైపుల గుంపు), 3 అంగుళాల పైపు, మూడు 45 మి.మీ. వెబర్ కార్బురేటర్లు, కాస్త గట్టి కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ). ఎక్కువగా హైవే మీద దూరాలు తిరుగుతాను, అప్పుడప్పుడు కొండదారులు. ట్రాక్ ఆలోచన లేదు. ముందు దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.

రింగుస్పానర్
తమ్ముడూ, లిస్టు కాసేపు పక్కన పెట్టు. ఇంజిన్ ఇప్పుడెలా ఉందో లెక్కలు కావాలి. టాపెట్లు (వాల్వుల సందు) సెట్ చెయ్యి: చల్లగా ఇన్‌టేక్ 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.25. వేడి మీదైతే 0.25, 0.30. అది అయ్యాకే కంప్రెషన్ చూడు, టాపెట్ బిగుసుకుని ఉంటే రీడింగ్ నమ్మలేం. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్గులన్నీ తీసి చూడాలి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన సిలిండర్, ఎక్కువ వచ్చినదానిలో 80 శాతానికి తగ్గకూడదు.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. క్రాంక్ పుల్లీలో లోపలి ముక్కకీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది. యాభై ఏళ్ల రబ్బరు అది. జారిందంటే దానిమీదున్న టైమింగ్ గీత (స్పార్క్ ఎప్పుడు పడుతుందో చూపేది) అబద్ధం చెబుతుంది. లైటు పెట్టి 10 డిగ్రీలు అని చదువుతావు, నిజానికి అది 3 కావచ్చు, 17 కావచ్చు. ఒకటో ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ పెట్టి, చేత్తో ఇంజిన్‌ని రెండు వైపులా తిప్పి, ఆగిన రెండు చోట్లా గుర్తు పెట్టు. వాటి సరిగ్గా నడిమధ్యే నిజమైన టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. ఇది తేలకుండా ట్యూనింగ్ మాటే వద్దు.

వెల్డర్‌బాబాయ్
ఆ టిక్ టిక్ మేనిఫోల్డ్ (ఆరు సిలిండర్ల పొగనీ కలిపి తెచ్చే పోత గొట్టం) పగులు కాకపోవచ్చు. ఎల్ సిరీస్‌లో చివరి స్టడ్డు విరగడం మామూలే. పొడవాటి పోత ఇనుప మేనిఫోల్డ్ వేడికి సాగుతుంది, హెడ్డు అల్యూమినియం, రెండూ ఒకే లెక్కన సాగవు. ఆ లాగుడంతా చివరి స్టడ్డు మీదే పడుతుంది. చల్లారితే సందు తెరుచుకుంటుంది, వేడెక్కితే మూసుకుంటుంది. నువ్వు చెప్పిన లక్షణం అదే. అద్దం, టార్చి పెట్టి చూడు బాబూ.

విరిగుంటే ఈజీ అవుట్ (విరిగిన ముక్కని తిప్పి తీసే పనిముట్టు) జోలికి వెళ్లకు. అది లోపల విరిగితే దాన్ని తీయడం ఇంకో పెద్ద పని. ముక్క బయటికి కొంచెమైనా కనిపిస్తుంటే దానిమీద నట్టు పెట్టి వెల్డ్ చెయ్యి. ఆ వేడికే పట్టు వదులుతుంది, నిదానంగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి.

పాతజెడ్
బాబాయ్, మీరన్నదే నిజం. కింది చివరి స్టడ్డు విరిగింది, మేనిఫోల్డ్‌కి పగులు లేదు. స్పానర్ అన్నా, టాపెట్లు సెట్ చేశాక కంప్రెషన్ ఆరింటిలోనూ 165 నుంచి 172 పీఎస్ఐ మధ్య వచ్చింది. పుల్లీ గీత మాత్రం నిజం టీడీసీకి 7 డిగ్రీలు దూరంగా ఉంది! ఇన్నాళ్లూ టైమింగ్ వెనకబడే నడిచిందన్నమాట. కొత్త పుల్లీ (డ్యాంపర్) తెప్పిస్తున్నా.

ఇక హెడర్ సంగతి. ఆరు-ఒకటి (ఆరూ ఒకేచోట కలిసేది) మేలా, ఆరు-రెండు-ఒకటి (ముందు రెండు గుంపులుగా, తర్వాత ఒకటిగా కలిసేది) మేలా?

ఫైరింగ్‌ఆర్డర్
ఆరు-రెండు-ఒకటి. ఎందుకో చెబుతాను, వివరంగానే చెప్పాలి.

మన ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. రెండు పల్స్‌ల (ఎగ్జాస్ట్ గ్యాసు తోపుల) మధ్య క్రాంక్ 120 డిగ్రీలు తిరుగుతుంది. ముందు మూడు సిలిండర్లను విడిగా చూడండి: ఒకటి 0 దగ్గర, మూడు 240 దగ్గర, రెండు 480 దగ్గర. వెనక మూడు: అయిదు 120, ఆరు 360, నాలుగు 600. అంటే ముందు మూడిటినీ ఒక పైపులో, వెనక మూడిటినీ ఇంకో పైపులో కలిపితే, ఏ పైపులోనైనా పల్స్‌లు కచ్చితంగా 240 డిగ్రీల ఎడంతో వస్తాయి. ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నప్పుడు వచ్చే పెద్ద పీడనపు అల, అదే పైపులో ఉన్న పక్క సిలిండర్ ఓవర్‌ల్యాప్‌లోకి (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే కాసేపు) జొరబడదు. వరుస ఆరు సిలిండర్లకి ఉన్న వరం ఇది. నాలుగు సిలిండర్లకి ఇంత తేలిగ్గా కుదరదు.

ఆరూ ఒకేచోట కలిస్తే ప్రతి 120 డిగ్రీలకీ ఒక పల్స్ ఆ కలెక్టర్‌కి (కలిసే చోటుకి) తగులుతుంది. ప్రైమరీలు (ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే విడి పైపులు) పొడుగ్గా, సమానంగా ఉండి, ఇంజిన్ 6000 పైన తిరుగుతుంటే అది బాగా పనిచేస్తుంది. రేసు బండికి సరే. మీరేమో హైవే, కొండదారులు అన్నారు. మీ ఇంజిన్ బతుకంతా 2000కీ 4500కీ మధ్యే. అక్కడ రెండు గుంపుల హెడర్‌దే పైచేయి.

ప్రైమరీ సైజు కూడా పెద్దది తీసుకోకండి. స్టాక్ పోర్టుల ఎల్24కి 38 మి.మీ. చాలు, గట్టి కామ్ ఉంటే 41. పైపు లావయ్యే కొద్దీ గ్యాసు వేగం పడిపోతుంది, కింద పికప్ పోతుంది.

స్టాక్‌సుఖం
ఒక్క మాట అడుగుతాను, హెడర్ అసలెందుకు? మేనిఫోల్డ్‌కి పగులే లేదని తేలింది కదా. 240జెడ్ ఫ్యాక్టరీ మేనిఫోల్డ్ చెత్తదేం కాదు. ముందు మూడు, వెనక మూడు విడివిడిగా వచ్చి కిందికి రెండు దారుల్లో దిగి, డౌన్‌పైప్‌లో కలుస్తాయి. ఫైరింగ్‌ఆర్డర్ గారు చెప్పిన ఆరు-రెండు-ఒకటి సూత్రమే అది, పోత ఇనుములో. పైగా మందపాటి ఇనుము శబ్దాన్ని మింగుతుంది, వేడిని కార్బురేటర్ల మీదికి తక్కువ వదులుతుంది. స్టడ్డు మార్చి, మేనిఫోల్డ్ మొహం లేత్ షాపులో చదును చేయించి, వెనక పైపు మాత్రం మంచిది వేస్తే సగానికి పైగా ప్రయోజనం అక్కడే దొరుకుతుంది.

ఫైరింగ్‌ఆర్డర్
సుఖం గారూ, ఇప్పుడున్న ఇంజిన్‌కి మీ మాట ఒప్పుకుంటాను. కామ్, హెడ్డు ముట్టుకోకపోతే హెడర్ వల్ల వచ్చే లాభం తక్కువే. కానీ ఆయన లిస్టులో కామ్ ఉంది. కామ్ మారిస్తే ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, అప్పుడు ఎగ్జాస్ట్‌లో అల ఎప్పుడు తిరిగొస్తుందన్నది ముఖ్యమవుతుంది. పొట్టి పోత మేనిఫోల్డ్ అక్కడ చాలదు.

వెల్డర్‌బాబాయ్
హెడర్ వేస్తే మాత్రం ఈ రెండూ చూసుకో.

ఎల్ సిరీస్‌లో ఇన్‌టేకూ ఎగ్జాస్టూ ఒకే వైపు, ఒకే గ్యాస్కెట్. కొన్ని స్టడ్ల మీద ఒకే మందపాటి వాషర్ అటు ఇన్‌టేక్ అంచునీ ఇటు ఎగ్జాస్ట్ అంచునీ కలిపి నొక్కుతుంది. హెడర్ ఫ్లాంజి మందం ఇన్‌టేక్ ఫ్లాంజితో సమానంగా లేకపోతే వాషర్ వాలుతుంది, ఒకవైపే బిగుస్తుంది. రెండోవైపు లీకే. ఇన్‌టేక్ వైపు లీకయితే గాలి లాగి మిశ్రమం పలచబడుతుంది, జనం కార్బురేటర్‌ని తిడతారు. రెండు ఫ్లాంజీలనీ వెర్నియర్‌తో కొలువు. తేడా ఉంటే వాషర్‌ని ఒక వైపు మెట్టులా మిల్లింగ్ చేయించు.

రెండోది పోర్టు ఆకారం. ఈ31, ఈ88, ఎన్42, పీ90 హెడ్లకి ఎగ్జాస్ట్ పోర్టు చతురస్రం. ఎన్47, పీ79 లలో లోపల స్టీలు లైనరు ఉంటుంది, పోర్టు గుండ్రం. ఇంటర్‌నెట్‌లో "ఎల్ సిరీస్ అన్నిటికీ సరిపోతుంది" అని రాసి అమ్ముతుంటారు. హెడ్డు నంబరు ప్లగ్గుల వైపు పోతలోనే ఉంటుంది. అది చూసి, దానికి తగ్గ గ్యాస్కెట్, హెడర్ కొనాలి.

ఆరోగేర్
3 అంగుళాల పైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. వద్దు. 2.5 అంగుళాలు, అంటే 63.5 మి.మీ., నీ ఇంజిన్‌కి ఎక్కువే తప్ప తక్కువ కాదు. అమెరికాలో 240జెడ్‌కి ఫ్యాక్టరీ చెప్పిన బలం 151 హార్స్‌పవర్, అదీ ఎస్ఏఈ గ్రాస్ లెక్క, అంటే బండి సామాను తగిలించకుండా కొలిచిన ఎక్కువ లెక్క. 2 నుంచి 2.5 అంగుళాలకి వెళ్తేనే లోపలి వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. 3 అంగుళాలు వేస్తే నీకు మిగిలేది బరువు, మోత, కింద స్పీడ్ బ్రేకర్లకి తగులుడు.

మోత గురించి ఇంకాస్త చెప్పాలి. ఈ బండిలో 2500కీ 3000కీ మధ్య క్రూజింగ్‌లో బుర్ర వాచిపోయే గుమ్‌మని శబ్దం వస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకి మూడు పల్స్‌లు వదులుతుంది. 2600 ఆర్‌పీఎమ్ అంటే సెకనుకి 130. వెనక హ్యాచ్ కింద ఉన్న ఖాళీ డబ్బా ఆ 130 హెర్ట్జ్‌కి వంత పాడుతుంది. దీనికి సైలెన్సర్ల మీద సైలెన్సర్లు పెట్టడం మందు కాదు. మెయిన్ పైపుకి పక్కన ఒక మూసేసిన కొమ్మ పైపు వెల్డ్ చేయించు, పొడవు ఆ అలలో పావు వంతు ఉండాలి. కొమ్మలో గ్యాసు కదలదు కాబట్టి కొంత చల్లగానే ఉంటుంది. 200 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే శబ్ద వేగం సుమారు 436 మీటర్లు, దాన్ని నాలుగు రెట్ల 130తో భాగిస్తే 84 సెంటీమీటర్లు. ముందు కాస్త పొడుగ్గా పెట్టి, చివర లోపలికి జరిపే బిరడాతో వింటూ సరిచేసి, తర్వాత మూత వెల్డ్ చేయించాలి. శబ్దం తేడా చూస్తే నమ్మలేవు.

కార్బ్‌గీత
అయ్యా, ఎగ్జాస్ట్ గురించి ఇంత మాట్లాడుకుంటూ ప్రాణానికి సంబంధించిన మాట వదిలేశారు. ఈ మోడల్‌లో నడుస్తుండగా వెనక ఏర్పడే తక్కువ పీడనం పొగని లోపలికి లాగుతుంది. హ్యాచ్ రబ్బరు, వెనక లైట్ల గ్యాస్కెట్లు, హ్యాచ్‌లోకి వెళ్లే వైరు రంధ్రాలు, ఇవీ దారులు. కిటికీ దించితే తగ్గకపోగా ఇంకా ఎక్కువవుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి (సీవో) వాసన లేదు. "కొంచెం పెట్రోల్ వాసనే కదా" అని దూరప్రయాణాలు చేయకండి. ఆ రబ్బర్లన్నీ మార్చండి, తోక పైపు బంపర్ దాటి బయటికి ఉండేలా చూడండి, లోపల బ్యాటరీతో నడిచే సీవో అలారం ఒకటి పెట్టుకోండి. ఇది హెడర్ కన్నా ముందు చేయాల్సిన పని.

పాతజెడ్
గీత గారూ, హ్యాచ్ రబ్బరు నిజంగానే ఎండిపోయి గట్టిగా ఉంది. రేపే ఆర్డర్ పెడతాను. కార్బురేటర్ల మీద కూడా మీ సలహా కావాలి. మూడు వెబర్లంటే ఆ శబ్దం, ఆ అందం...

కార్బ్‌గీత
అందం నిజమే, కాదనను. కానీ స్టాక్ కామ్ ఉన్న ఎల్24కి 45లు మరీ పెద్దవి. వెబర్లే కావాలంటే 40 డీసీఓఈ, లోపల 32 మి.మీ. చోకులతో (గాలి దారిని ఇరుకు చేసే గొట్టాలు). దానితోపాటు చోకులు, మెయిన్ జెట్లు, ఎయిర్ కరెక్టర్లు, ఐడిల్ జెట్లు ఒక డబ్బా నిండా కావాలి, అవి మార్చి మార్చి చూసే ఓపిక కావాలి.

మీ బండిలో ఉన్న గుండ్రటి డోముల హిటాచీలను తక్కువ చేయకండి. 46 మి.మీ. గొంతు. ఇంజిన్ ఎంత గాలి అడిగితే పిస్టన్ అంత లేచి, గాలి వేగాన్ని జెట్టు మీద ఇంచుమించు ఒకేలా ఉంచుతుంది. అందుకే రోడ్డు మీద, ఎత్తు పల్లాల మీద అంత మెత్తగా లాగుతుంది. 1973లో వచ్చిన చదును మూతల కార్బురేటర్ల చెడ్డపేరుని వీటికి అంటగట్టకూడదు.

వరుస ఇలా పెట్టుకోండి. థ్రాటిల్ షాఫ్ట్ అరిగి ఊగుతోందేమో చూడండి, అక్కడ గాలి లాగితే ఐడిల్ ఎప్పటికీ కుదరదు. ఫ్లోట్ లెవల్ రెండిటిలో ఒకేలా ఉండాలి. జెట్ నట్టు పూర్తిగా పైకి బిగించి, రెండున్నర చుట్లు కిందికి దింపి మొదలుపెట్టండి. డ్యాష్‌పాట్‌లో (డోము లోపలి ఆయిల్ గుంటలో) 20 గ్రేడ్ లాంటి పలచని ఆయిల్. రెండు కార్బురేటర్ల గాలి ప్రవాహం మీటరుతో సమానం చేయండి.

ఎగ్జాస్ట్ మారిస్తే మిశ్రమం కొంచెం పలచన వైపు జరుగుతుంది. అందుకే హెడర్ చేయించేటప్పుడే ఆక్సిజన్ సెన్సర్‌కి ఒక బొడిపె వెల్డ్ చేయించుకోండి, వైడ్‌బ్యాండ్ మీటర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపేది) పెట్టండి. పూర్తి థ్రాటిల్‌లో 12.5 నుంచి 13, క్రూజింగ్‌లో 14 చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది. చెవితో, ప్లగ్గు రంగుతో చేసే కాలం కాదు, ఇప్పటి పెట్రోల్‌కి ప్లగ్గు రంగు సరిగ్గా కనిపించదు కూడా.

హెడర్ కార్బురేటర్లకి సరిగ్గా కిందే ఉంటుందని మర్చిపోకండి. ఎండలో పదినిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగి ఇంజిన్ ఊపిరాడక ఆగిపోతుంది. అల్యూమినియం హీట్ షీల్డ్ తప్పనిసరి. హెడర్‌కి సెరామిక్ కోటింగ్ చేయిస్తే ఇంకా మంచిది. గుడ్డ పట్టీ చుట్టడం మాత్రం మామూలు స్టీలు హెడర్‌కి వద్దు, లోపల తడి నిలిచి తొందరగా తినేస్తుంది.

రింగుస్పానర్
గీత చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని సిలిండర్లకి పంచేది) బదులు 280జెడ్ఎక్స్ ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెట్టు, పక్కన మాడ్యూల్ అంటుకుని ఉంటుంది. మొత్తం అడ్వాన్స్ (టీడీసీకి ముందు స్పార్క్ పడే కోణం) 34 డిగ్రీల దగ్గర ఆపి చూడు, నాకింగ్ వినపడితే తగ్గించు. ఒక జాగ్రత్త: మీ మోడల్ టాకోమీటర్ కాయిల్‌కి వెళ్లే కరెంటుని కొలిచి తిరుగుతుంది. వైరింగ్ మార్చినప్పుడు ఆ లూపు తెగిపోకూడదు, తెగితే ముల్లు పడిపోతుంది.

కామ్‌లోబ్
ఇక కామ్ వంతు. నా అభిప్రాయం సూటిగా: ఈ ఏడాదికి వద్దు.

ఎల్ సిరీస్‌లో కామ్ అంటే ఒక్క ముక్క మార్చడం కాదు. అరగదీసి మళ్లీ తీర్చిన కామ్ అయితే బేస్ సర్కిల్ (లోబ్ గుండ్రటి అడుగు భాగం) చిన్నదవుతుంది. అప్పుడు రాకర్ (కామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే తులాదండం) వాలి, లోబ్ ఆనే చోటు పక్కకి జరుగుతుంది. దాన్ని తిరిగి మధ్యకి తేవడానికి మందపాటి లాష్ ప్యాడ్లు (వాల్వు మీద పెట్టే బిళ్లలు) కావాలి, స్టాక్‌వి సుమారు 3 మి.మీ. రాకర్ మొహానికి నీలం రాసి, చేత్తో తిప్పి, గీత మధ్యలో పడిందో లేదో ఒక్కొక్కటీ చూడాలి. ఒక్క గీత అంచుకి తగిలినా ఆ లోబ్ పోయినట్టే. పాత రాకర్లు కొత్త కామ్ మీద వేయకూడదు, మొహాలు కొత్తగా గ్రైండ్ చేయించాలి. లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) పెరిగితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుతాయేమో కొలవాలి. మొదటి స్టార్టు జింకు ఎక్కువున్న ఆయిల్‌తో, వెంటనే 2000 పైకి తీసుకెళ్లి ఇరవై నిమిషాలు అక్కడే ఉంచాలి, ఐడిల్‌లో వదలకూడదు.

కామ్ స్ప్రాకెట్ విప్పేముందు గొలుసు రెండు వైపుల మధ్య కొస సన్నగా ఉన్న చెక్కముక్క దిగగొట్టాలి. లేకపోతే టెన్షనర్ (గొలుసుని బిగువుగా ఉంచేది) బయటికి దూకుతుంది, అప్పుడు ముందు కవరంతా విప్పాల్సిందే. గొలుసు సాగినదాన్ని సర్దడానికి స్ప్రాకెట్‌లో మూడు రంధ్రాలున్నాయి. ముందు అది చూసుకోండి. సాగిన గొలుసుతో కామ్ వెనకబడి ఉంటే, రంధ్రం మారిస్తేనే కొత్త ప్రాణం వచ్చినట్టు ఉంటుంది.

ఎక్కువ ఓవర్‌ల్యాప్ కామ్‌కి ఎస్‌యూలు సరిపడవు కూడా. ఐడిల్‌లో వాక్యూమ్ ఊగిసలాడితే పిస్టన్లు కొట్టుకుంటాయి. అంటే కామ్ వేశారంటే వెబర్లు వేయాలి, అప్పుడు హెడర్ కావాలి. మూడూ ఒక ప్యాకేజీ.

పెద్దబోర్
బలమే కావాలంటే ఎల్28 దించండి. 86 బోరు, 79 స్ట్రోకు, 2753 సీసీ. మీది 83కి 73.7, 2393 సీసీ. అంటే 15 శాతం ఎక్కువ ఇంజిన్, అవే మౌంట్ల మీద కూర్చుంటుంది. ఏ కామ్ ఇవ్వని కింది టార్క్ అది ఇస్తుంది.

పాతజెడ్
పెద్దబోర్ అన్నా, ఆలోచన బాగుంది కానీ ఈ బండి ఛాసిస్‌తో పుట్టిన ఇంజిన్ ఇదే. కంప్రెషన్ ఇంత బాగున్నప్పుడు దింపబుద్ధి కావట్లేదు.

పెద్దబోర్
అర్థమైంది, నేనైనా అదే చేస్తాను. అయితే డిఫరెన్షియల్ చూడు. అమెరికా మార్కెట్ నాలుగు గేర్ల బండ్లకి 3.36, యూరప్ అయిదు గేర్ల వాటికి 3.90. నీది 3.36 అయితే, అయిదు గేర్ల బాక్సుతో కలిపి 3.90 వేస్తే నాలుగో గేరులో చక్రానికి 16 శాతం ఎక్కువ లాగుడు, ఇంజిన్‌లో ఒక్క బోల్టు కూడా విప్పకుండా. నాలుగు గేర్లతోనే 3.90 వేయకు, హైవే మీద ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది.

స్టాక్‌సుఖం
పాతజెడ్ గారూ, ఎగ్జాస్ట్ టాపెట్లు రాసి పెట్టుకుంటూ ఉండండి. కొన్నివేల కిలోమీటర్లకోసారి ఏదైనా బిగుసుకుపోతూ వస్తుంటే వాల్వు సీటులోకి దిగుతున్నట్టు. ఆ కాలపు సీట్లు సీసం కలిపిన పెట్రోల్‌కి చేసినవి. అలా కనిపించిన రోజున హెడ్డు దింపి గట్టి స్టీలు సీట్లు వేయించండి, కామ్ ఆలోచన అప్పుడు చేస్తే రెండు పనులూ ఒకే విప్పుడులో అయిపోతాయి.

పాతజెడ్
అందరికీ ధన్యవాదాలు. ఇలా నిర్ణయించుకున్నా. మొదట డ్యాంపర్, హ్యాచ్ రబ్బర్లు, సీవో అలారం. స్టడ్లన్నీ కొత్తవి, మేనిఫోల్డ్ లేత్ షాపుకి, ఇన్‌టేక్‌తో కలిపి ఒకేసారి చదును. ఫ్యాక్టరీ మేనిఫోల్డ్ నుంచి వెనక దాకా 2.5 అంగుళాల పైపు, మధ్యలో రెసొనేటర్, పావు అల కొమ్మ, సెన్సర్ బొడిపె. హిటాచీలకి కొత్త షాఫ్ట్ బుష్‌లు. ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్. ఇదంతా స్థిరపడ్డాక డిఫరెన్షియల్, అయిదు గేర్లు. హెడ్డు దిగే రోజు వస్తే కామ్, హెడర్, వెబర్లు కలిపి చూస్తా. బాబాయ్, మేనిఫోల్డ్ బిగించేటప్పుడు ఇంకేమైనా చూసుకోవాలా?

వెల్డర్‌బాబాయ్
మధ్యలోంచి మొదలుపెట్టి రెండు చివరలకీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పో. స్టడ్డు దారాలకి యాంటీసీజ్ రాయి. చివరి స్టడ్ల దగ్గర మేనిఫోల్డ్ రంధ్రాన్ని ఓ మిల్లీమీటరు కోలగా చేయించు, సాగడానికి చోటు కావాలి. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి డౌన్‌పైప్ తర్వాత ఒక ఫ్లెక్స్ ముక్క పెట్టు, లేకపోతే ఆ ఊపు మళ్లీ స్టడ్ల మీదికే వస్తుంది. మొదటిసారి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించు. రెండు మూడుసార్లు అలా చేశాక ఇక కదలదు. పైపు బిగించాక బండిని స్టాండ్ల మీద కాకుండా చక్రాల మీద నిలబెట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ డిఫరెన్షియల్‌కీ ఎంత సందుందో చూడు. సస్పెన్షన్ వేలాడుతున్నప్పుడు చూసిన సందు రోడ్డు మీద ఉండదు.

పాతజెడ్
రాసుకున్నాను బాబాయ్. లేత్ షాపు నుంచి మేనిఫోల్డ్ రాగానే ఫ్లాంజి కొలతలు ఇక్కడే పెడతాను.